సంపూర్ణమ్మ చెప్పని పదకొండు రోజులు

ఆశాజ్యోతి నడకలో తేడా వచ్చిందని సంపూర్ణమ్మకి ముందు చెవులకే తెలిసింది. లేసు అల్లేటప్పుడు ఆవిడ తలెత్తదు. వరండాలో పక్కనే నలుగురైదుగురు ఆడవాళ్ళు కూర్చుని సూదులు ఆడిస్తూ కబుర్లు చెప్పుకుంటున్నా, వీధిలో వెళ్ళేది ఎవరో చెప్పుల చప్పుడు బట్టి చెప్పేస్తుంది. ఆ జూలైలో ఒక సాయంత్రం బడి వదిలాక గేటు చప్పుడైంది. సిమెంటు గచ్చు మీద ఒక చెప్పు టపటపమంటోంది, రెండోది రాసుకుంటూ ఈడ్చుకుంటూ వస్తోంది. ఎవరో కొత్తవాళ్ళనుకుని తలెత్తింది. ఎదురుగా ఆశ నిలబడి ఉంది.

"ఏమ్మా, చెప్పు తెగిందా?"

ఆశ కాలు చూసుకుంది. చెప్పు బాగానే ఉంది. "లేదు పెద్దమ్మా. కాలే బరువుగా ఉంది" అంది.

సంపూర్ణమ్మ ఒళ్ళో ఉన్న లేసు పక్కన పెట్టి పిల్లని దగ్గరికి తీసుకుని మడమ పట్టుకు చూసింది. పిక్క రాయిలా బిగుసుకుని ఉంది. పక్కనున్నవాళ్ళు ముల్లేమైనా గుచ్చుకుందేమో చూడమన్నారు, కొబ్బరినూనె రాయమన్నారు. ఆవిడ అలాగేనంది గానీ పిక్క మీంచి చెయ్యి తియ్యలేదు. ఆ ఒంట్లో ఏముందో ఆ వరండాలో ఆవిడొక్కదానికే తెలుసు.

సంపూర్ణమ్మది నరసాపురం పక్క పల్లెటూరు. తండ్రి పొలం కూలీ. ఆదివారం మాత్రం ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని లూథరన్ చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి. తల్లి దగ్గర ఎనిమిదేళ్ళకే లేసు నేర్చుకుంది సంపూర్ణమ్మ. తర్వాత చెల్లెలు కరుణకి తనే నేర్పింది. చిట్టియ్యని చేసుకుని నరసాపురం వచ్చింది. చిట్టియ్య రేవులో పంటు మీద పనిచేస్తాడు. మోటారు సైకిళ్ళనీ, ఆటోలనీ, మనుషుల్నీ గోదారి ఇవతలి ఒడ్డు నుంచి సఖినేటిపల్లి వైపు దాటించే ఆ పెద్ద పడవకి తాళ్ళు కట్టడం, విప్పడం అతని పని. మాట తక్కువ, ఓపిక ఎక్కువ. వాళ్ళకి పిల్లలు పుట్టలేదు.

కరుణ మండపేటలో నర్సు పని నేర్చుకోవడానికి వెళ్ళి, అక్కడ రైసు మిల్లులో పనిచేసే రాజేంద్రని ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. వాళ్ళు హిందువులు. ఇటు కొన్నాళ్ళు అలిగారు, అటు కొన్నాళ్ళు అలిగారు, ఆశ పుట్టగానే అందరూ మర్చిపోయారు. పిల్లకి ఏడాది నిండకుండానే రాజేంద్ర పోయాడు. ఆ తర్వాత ఏడాదికి కరుణ. పోయే ముందు ఆసుపత్రిలో అక్క చెయ్యి పట్టుకుని, "నాకు హెచ్ఐవీ ఉందక్కా. ఆయనకీ అదే. పాపకి కూడా పరీక్ష చేయించు" అని మూడే మాటలు చెప్పింది.

పరీక్ష చేయించారు. ఉందని తేలింది. ఆ రోజు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని సంపూర్ణమ్మ ఏడుస్తుంటే, చిట్టియ్య రెండేళ్ళ పిల్లని భుజం మీద వేసుకుని అటూ ఇటూ తిప్పి వచ్చి, "మందులున్నాయంట కదా. రోజూ వేస్తే బతుకుతారంట. ఇంటికి పోదాం పద" అన్నాడు. పిల్ల వాళ్ళింటి పిల్ల అయిపోయింది.

దగ్గర్లో మందులిచ్చే సెంటరు ఉన్నా సంపూర్ణమ్మ రాజమండ్రి వెళ్ళేది, తెలిసినవాళ్ళెవరి కంటా పడకూడదని. నెలకోసారి పొద్దున్నే రైలెక్కి, కొంగు తలమీదకి లాక్కుని వెళ్ళి సీసాలు తెచ్చుకునేది. ఉదయం ఎనిమిదికి ఒకసారి, రాత్రి ఎనిమిదికి ఒకసారి. ఎవరైనా అడిగితే "బలం మందులండి, నెల తక్కువ పిల్ల కదా" అనేది. నాలుగేళ్ళలో ఆశ గుండ్రంగా తయారైంది. బడిలో పాటలు నేర్చుకుంది. సండే స్కూల్లో వాక్యాలు గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పేది. ఇంట్లో ఆ పిల్ల నోటికి తాళం వేసేవాళ్ళు లేరని చిట్టియ్య నవ్వేవాడు.

జూలైలో మొదలైంది ఆగస్టుకి రెండు కాళ్ళకీ వచ్చింది. మడమలు నేలకి ఆనడం మానేశాయి. పిల్ల మునివేళ్ళ మీద, మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకుంటూ నడిచేది. సెప్టెంబరులో టీచరు కబురు పెట్టింది. "అక్షరాలు మర్చిపోతోందండి. పోయిన నెల రాసిన పేజీ చూపించి, ఇది నువ్వే రాశావు కదా అంటే నా మొహంకేసి చూస్తోంది. ఇంట్లో ఏమైనా కొట్టారా?" అనడిగింది. కొట్టడమేంటండి అని సంపూర్ణమ్మ అక్కడే ఏడ్చేసింది. అక్టోబరు వచ్చేసరికి ఆశ వాక్యాలు కురచబడ్డాయి. "పెద్దమ్మా, నాకు అన్నం పెట్టు" అనే పిల్ల "అన్నం" అనేది. తర్వాత అది కూడా అనకుండా కంచం కేసి చూపించేది. నోటి మూల నుంచి చొంగ కారేది.

ఆ వీధి చివర ఆర్‌ఎంపీ డాక్టరు నీరసమన్నాడు. లేసు ఆడవాళ్ళలో ఒకావిడ దిష్టి తగిలిందంది. పాస్టరుగారు ఇంటికొచ్చి తలమీద చెయ్యుంచి ప్రార్థన చేశారు. చివరికి చిట్టియ్య పంటు పనికి సెలవు పెట్టి, పిల్లని భుజానేసుకుని, "పద, రాజమండ్రి" అన్నాడు. సెంటరులో డాక్టరు పిల్లని నాలుగడుగులు నడిపించి చూసి, రక్తం తీయించి, అప్పటికప్పుడు కాకినాడ పెద్దాసుపత్రికి రాసిచ్చింది.

కాకినాడలో పిల్లల వార్డులో చూసిన డాక్టరు పేరు ఇంద్రజ. ముప్పై ఐదేళ్ళుంటాయి. కుర్చీ లాక్కుని మంచం పక్కనే కూర్చుని మాట్లాడుతుంది. మొదటి రోజే అడిగింది.

"సంపూర్ణమ్మగారూ, ఒక్క విషయం సరిగ్గా గుర్తు తెచ్చుకుని చెప్పండి. ఈ నాలుగైదేళ్ళలో మందులు ఎప్పుడైనా ఆగాయా? వారం, పది రోజులు, నెల?"

"లేదండి" అంది సంపూర్ణమ్మ.

"ఊరెళ్ళినప్పుడు గానీ?"

"లేదండి. ఎప్పుడూ ఆగలేదండి."

డాక్టరు రాసుకుంది.

ఆగాయి. ఆ సంగతి సంపూర్ణమ్మకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. బడిలో వేశాక వేసవి సెలవులకి ఆశని మండపేటలో మామ్మ పెద్దింట్లమ్మ దగ్గరికి పంపేవారు. రాజేంద్ర తల్లి ఆవిడ. ఒక్కగానొక్క కొడుకు పోయాక మనవరాలే ఆవిడకి మిగిలింది. కిందటేడు వేసవిలో, నలభై రోజులుండి వచ్చిన పిల్ల సంచీ విప్పితే మందుల సీసాలు పంపినవి పంపినట్టే ఉన్నాయి. మూత సీలు కూడా తీయలేదు. సంపూర్ణమ్మ ఫోను చేతిలోకి తీసుకుంది, మళ్ళీ పెట్టేసింది. అడిగితే ఆవిడేమంటుందో తెలుసు. "మా వాడికి అలాంటి జబ్బు లేదు. మా పిల్లకీ లేదు. నీకు బరువైతే చెప్పు, మా రక్తం మా దగ్గరే ఉంటుంది" అని అంతకుముందు ఒకసారి అననే అంది. పిల్ల తమదని చెప్పడానికి సంపూర్ణమ్మ దగ్గర ఒక్క కాగితం లేదు.

సెంటరుకి వెళ్ళినప్పుడు ఎంత మందు మిగిలిందో చూస్తారు. అందుకని వెళ్ళే ముందు రోజు సీసాలన్నీ విప్పి, మిగిలినదంతా పెరట్లో తూములో పోసేసింది. లెక్క సరిపోయింది. పిల్ల బాగానే ఉంది కదా అని మనసుకి చెప్పుకుంది. మరుసటి వేసవికి పంపననడానికి నోరు రాలేదు. ఆ ఏడాది మళ్ళీ సీసాలు అలాగే వచ్చాయి. మళ్ళీ తూములో పోసింది. చిట్టియ్యకి కూడా చెప్పలేదు.

ఆ తూము దగ్గర నిలబడిన తను, ఆ వార్డులో మంచం పక్కన నిలబడిన తను ఒక్కరేనని ఒప్పుకోవడానికి ఆవిడకి పదకొండు రోజులు పట్టింది.

ఈలోపు ఆశకి తలకి స్కానింగు తీశారు. వెన్నులోంచి నీరు తీసి టీబీ ఏమైనా ఉందేమో చూశారు, లేదన్నారు. రక్తంలో వైరస్ లక్షల్లో ఉందన్నారు. స్కానింగు ఫిల్ము వెలుతురుకి పెట్టి డాక్టరు ఇంద్రజ ఇద్దరికీ చూపించింది. "ఈ వైరస్ రక్తంలోనే ఉండదండి. మెదడులోకి కూడా వెళ్ళి దాక్కుంటుంది. పెద్దవాళ్ళ మెదడైతే అప్పటికే పెరిగిపోయి ఉంటుంది, పిల్లలది ఇంకా పెరుగుతూ ఉంటుంది కదా, అందుకే దెబ్బ ఎక్కువ. నడక, మాట, నేర్చుకున్న చదువు, ఇవే ముందు పోతాయి. ఇదిగో, ఈ వయసులో ఇక్కడ ఇంత ఖాళీ ఉండకూడదు" అంది. సంపూర్ణమ్మ ఆ నల్లటి ఖాళీ కేసి చూడలేక తన చేతులు చూసుకుంటూ కూర్చుంది.

పదకొండో రోజు మధ్యాహ్నం డాక్టరు వచ్చి కూర్చుంది. మొహంలో విసుగు లేదు గానీ ఏదో చిక్కు పడినట్టుంది.

"మీరు ఒక్క పూట కూడా తప్పించలేదంటున్నారు. అయినా వైరస్ ఇంత ఉందంటే ఈ మందుల్ని అది పూర్తిగా తట్టుకునే స్థాయికి వచ్చిందన్నమాట. ఏ మందు పనిచేస్తుందో తెలుసుకోవాలంటే శాంపిల్ బయటికి పంపాలి. రావడానికి వారాలు పడుతుంది. అంతవరకు..."

చిట్టియ్య చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ మనిషి ఎదటివాళ్ళు అడగకుండా మాట్లాడటం అరుదు. ఆ రోజు మాట్లాడాడు. "మా ఆవిడ తప్పించదండి డాక్టరుగారూ. జ్వరమొచ్చి పడుకున్నా లేచి వేస్తుంది. గోడ గడియారం కింద నిలబడి, ముల్లు ఎనిమిది మీదకి వచ్చేదాకా చూసి వేస్తుంది. సొంత తల్లి కూడా అలా చూడదండి."

సంపూర్ణమ్మ లేచి నిలబడింది. 

"ఆగాయండి" అంది.

ఇద్దరూ ఆవిడ కేసి చూశారు.

"రెండు వేసవులు, రెండుసార్లూ నలభయ్యేసి రోజులు వెయ్యలేదండి. మండపేటలో వాళ్ళ మామ్మ వెయ్యదు. నాకు తెలుసు. తెలిసే పంపాను. మిగిలిన మందు తూములో పారబోసి మీ సెంటరువాళ్ళకి లెక్క చూపించాను. మీరు అడిగినప్పుడు అబద్ధం చెప్పాను."

ఆశ మంచం మీద పక్కకి తిరిగి పడుకుని పెద్దమ్మ కొంగు అంచు నోట్లో పెట్టుకుంది.

డాక్టరు ఇంద్రజ తిట్టలేదు. కాగితంలో ముందు రాసిన ఒక వాక్యాన్ని కొట్టేసింది. "మంచిదండి, చెప్పారు. మందు పనిచేయకపోవడం వేరు, మందు అందకపోవడం వేరు. ఇప్పుడు ఆ రిపోర్టు కోసం ఆగక్కర్లేదు. కొత్తగా పిల్లలకి వచ్చిన మాత్రలున్నాయి, నీళ్ళలో కరిగిపోతాయి. దాంతోపాటు మెదడుకి బాగా అందే మందు ఒకటి కలుపుతాను. రేపే మొదలుపెడదాం" అంది.

"నా వల్లేనా అండి ఇది?"

డాక్టరు కలం పక్కన పెట్టింది. "ఆ వైరస్ పాప మెదడులోకి ఎప్పుడో పాలు తాగే వయసులోనే చేరి ఉంటుంది. మందు దాన్ని అణిచిపెట్టింది. మందు ఆగినప్పుడు లేచి ఉండొచ్చు. ఆ రెండు వేసవులే కారణమని నేను చెప్పలేను సంపూర్ణమ్మగారూ. కాదని కూడా చెప్పలేను. ఇకమీద ఆగకుండా చూడటం మాత్రం మీ చేతిలో ఉంది. పోయినదంతా తిరిగి రాదు. కొంత వస్తుంది. ఎంతో మనం చూడాలి."

కొత్త మందు మొదలుపెట్టి పిల్లని పంపించాక నరసాపురం బస్సెక్కారు. పిల్ల చిట్టియ్య ఒళ్ళో నిద్రపోయింది. ఇంటి తాళం తీస్తూ అన్నాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"మీరు మండపేట వెళ్ళి గొడవ పెడతారని."

"పెట్టేవాణ్ణే" అన్నాడు. అని, లోపలికెళ్ళి పిల్లని పడుకోబెట్టి, బయటికొచ్చి, "నువ్వే వెళ్ళు. పిల్లని తీసుకుని వెళ్ళు. ఆవిడ కళ్ళతో చూడాలి" అన్నాడు.

పెద్దింట్లమ్మ మండపేటలో ఒక ఉప్పుడు మిల్లులో పనిచేస్తుంది. ఉడికించిన ధాన్యాన్ని కళ్ళంలో పరిచి, ఎండలో కాళ్ళతో గీతలు గీస్తూ తిరగేసే పని. అరవై ఏళ్ళ మనిషి, మోకాళ్ళదాకా చీర ఎగదోపి, తలకి తుండు చుట్టుకుని, ఆ రోజు ఆ పనిలోనే ఉంది. మనవరాల్ని గేటు దగ్గర చూడగానే మొహం విప్పారింది.

"ఓలమ్మ నా తల్లే! రా, రా, మామ్మ దగ్గరికి రా!" అని చేతులు చాచింది.

సంపూర్ణమ్మ ఆశని చంక దింపి నేల మీద నిలబెట్టింది. ఆశకి మామ్మంటే ప్రాణం. నవ్వుతూ బయల్దేరింది. మునివేళ్ళ మీద, ఒక కాలు రెండో కాలికి అడ్డం పడుతూ, చేతులు గాల్లో ఆడిస్తూ నాలుగడుగులు వేసింది. అయిదో అడుగులో ధాన్యం మీద బోర్లా పడిపోయింది. లేవడం రాలేదు. మామ్మా అని పిలవడం కూడా రాలేదు. "మ్మ... మ్మ" అంటోంది.

పెద్దింట్లమ్మ పరుగెత్తుకొచ్చి ఎత్తుకుంది. పిల్ల మొహానికంటిన వడ్లు తుడుస్తూ, "ఏమైంది? ఏం చేశారు నా పిల్లని? ఎవరు కొట్టారు?" అని అరిచింది.

"ఎవరూ కొట్టలేదండి అత్తయ్యగారూ. మందు లేక అలా అయింది."

"మళ్ళీ ఆ మాటే!"

"మీరు సీసాలు విప్పలేదు. నేను చూసి కూడా నోరు మూసుకున్నాను. తప్పు మీదొక్కరిదే అని చెప్పడానికి రాలేదు. ఆ జబ్బు తల్లోకి ఎక్కిందండి. నడక పోయింది, మాట పోయింది. కాకినాడలో ఫొటో తీసి చూపించారు."

పెద్దింట్లమ్మ పిల్లని ఎత్తుకునే షెడ్డు నీడలోకి వెళ్ళి బస్తాల మీద కూర్చుంది. చాలాసేపు పిల్ల పాదాలు రెండూ అరచేతుల్లో పెట్టుకుని మడమలు కిందికి నొక్కడానికి చూసింది. అవి లొంగలేదు. చివరికి తలెత్తకుండానే అంది.

"నాకు తెలీదనుకున్నావా సంపూర్ణా? ఆసుపత్రివాళ్ళు మా రాజేంద్రకి అదేనని నాతో చెప్పారు. నేను కాగితం చింపేశాను. నా బిడ్డ అలాంటోడు కాదు. ఎవడో సూది సరిగ్గా వెయ్యక వచ్చిందో, రక్తం ఎక్కిస్తే వచ్చిందో, నాకేం తెలుసు! ఊళ్ళో ఏమనుకుంటారు? ఈ పిల్లకి ఆ సీసా మూత తీసి వేశాననుకో, నా కొడుకు దాంతోనే పోయాడని నేను ఒప్పుకున్నట్టే కదా. రోజూ రెండుపూట్లా ఒప్పుకోవాలి. నా వల్ల కాలేదే అమ్మా."

సంపూర్ణమ్మ వచ్చేటప్పుడు బస్సులో కూర్చుకున్న మాటలు చాలా ఉన్నాయి. అవన్నీ వదిలేసి పక్కన కూర్చుంది. "రోజుకి నాలుగుసార్లు కాళ్ళు సాగదియ్యాలన్నారండి. అన్నం మెత్తగా చేసి తినిపించాలి. గోడకి ఆనించి నిలబెట్టాలి. ఆయన రేవుకి వెళ్ళాలి. నాకొక్కదానికీ చేతులు చాలట్లేదు" అంది.

వారం తర్వాత పెద్దింట్లమ్మ ఒక గుడ్డ సంచీతో నరసాపురం గేటు తీసుకుని వచ్చింది. "రెండు నెలలుండి పోతాను" అంది. ఇప్పటికీ వెళ్ళలేదు.

ఆ ఇంట్లో ఆ చలికాలమంతా ఒకటే పని. మండలం బడిలో ప్రత్యేక అవసరాల పిల్లలకి భవిత కేంద్రం ఉంది. అక్కడికి వారానికి రెండుసార్లు వచ్చే ఫిజియోథెరపీ కుర్రవాడు భానుతేజ, పిక్కలు ఎలా సాగదియ్యాలో, తొడలు ఎలా విడదియ్యాలో మామ్మకి దగ్గరుండి నేర్పాడు. మిల్లులో నలభై ఏళ్ళు బస్తాలు మోసిన చేతులు కదా, పట్టు పడితే వదలవు. "మెల్లిగా అండి మామ్మగారూ, పిల్ల కాళ్ళవి" అని అతను బతిమాలేవాడు. పొద్దున్న ఎనిమిది గంటల మాత్ర వెయ్యడం కూడా ఆవిడే తీసుకుంది. గ్లాసులో కరిగించి తాగించాక, అడుగున మిగిలిన పొడికి ఇంకో గుక్కెడు నీళ్ళు పోసి కడిగి అది కూడా తాగించేది. ఆ పని అయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడేది కాదు.

మొదటి మూడు నెలలూ ఏమీ మారలేదు. నాలుగో నెలలో చొంగ తగ్గింది. కంచంలో చెయ్యి పెట్టి తినడం మొదలుపెట్టింది. మాట మాత్రం "మ్మ" దగ్గరే ఉంది. డాక్టరు ఇంద్రజ రక్తపరీక్ష చూసి వైరస్ బాగా తగ్గిందన్నప్పుడు సంపూర్ణమ్మ సంతోషించింది గానీ, ఇంటికొచ్చి, పలకరిస్తే నవ్వి ఊరుకునే పిల్లని చూస్తే ఆ కాగితం మీది అంకెకీ ఈ పిల్లకీ సంబంధం లేదనిపించేది.

అయిదో నెలలో ఒక మధ్యాహ్నం, వరండాలో చాప మీద మామ్మ యథాప్రకారం పిల్ల కుడికాలు పట్టి సాగదీస్తోంది. సంపూర్ణమ్మ స్తంభానికి ఆనుకుని లేసు అల్లుతోంది.

"నొప్పి... మామ్మా" అంది ఆశ. మామ్మ వినిపించుకోలేదు. ఇంకొంచెం లాగింది. పిల్ల మొహం ఎర్రబడింది. "నొప్పిగా ఉంది మామ్మా! ఒదులు! నీ చేతులు గట్టి!"

సంపూర్ణమ్మ చేతిలో సూది జారి కింద పడింది. పెద్దింట్లమ్మ కాలు వదిలేసి పిల్ల మొహంలోకి చూసింది. "ఏంటన్నావు? మళ్ళీ అను."

"ఒదులు అన్నాను" అంది ఆశ కోపంగా.

ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరినొకరు పట్టుకుని నవ్వుతూ ఏడుస్తుంటే, చుట్టూ ఉన్న లేసు ఆడవాళ్ళకి ఏం జరిగిందో అర్థమవడానికి కాసేపు పట్టింది. పిల్లకి మాత్రం అసలు అర్థం కాలేదు. కాలు నొప్పంటే వీళ్ళెందుకు సంబరపడుతున్నారో అని కోపం ఇంకా పెరిగింది. సాయంత్రం పెదనాన్న రాగానే మామ్మ మీద ఫిర్యాదు చేసింది, నాలుగు మాటల్లో. చిట్టియ్య మొత్తం విని, మళ్ళీ మొదట్నుంచి చెప్పమన్నాడు.

అన్నీ అలా రాలేదు. అంకెలు రాలేదు. ఒకటి నుంచి ఇరవై దాకా చెప్పిన పిల్ల ఆరు దగ్గర ఆగిపోతుంది. ఒకరోజు తనకీ లేసు నేర్పమంది. సంపూర్ణమ్మ లావు నూలూ పెద్ద సూదీ ఇచ్చి, వెనకనుంచి చేతులు పట్టుకుని చూపించింది. వేళ్ళు వంగలేదు. పది నిమిషాలు పెనుగులాడి ఆశ సూది వీధిలోకి విసిరేసి ఏడ్చింది. సంపూర్ణమ్మ వెళ్ళి సూది తెచ్చుకుంది, మళ్ళీ ఎప్పుడూ ఆ పిల్ల చేతికి ఇవ్వలేదు. కుడికాలు ఇప్పటికీ ఈడుస్తుంది. పాదానికి ప్లాస్టిక్ పట్టీ, దాని మీద బూటు. తొమ్మిదేళ్ళ పిల్ల రెండో తరగతిలో ఏడేళ్ళవాళ్ళతో కూర్చుంటుంది. మాట మెల్లిగా, ఒక్కో పదం వెతుక్కుని వస్తుంది. కానీ వస్తుంది. రక్తంలో వైరస్ కనపడటం లేదని ఏడాదిగా రిపోర్టు ఇస్తున్నారు. రాజమండ్రి వెళ్ళడం మానేసి ఫైలు దగ్గరి సెంటరుకి మార్పించుకున్నారు. మొదటిసారి అక్కడ బెంచీ మీద కూర్చున్నప్పుడు తమ వీధిలో ఒకావిడ ఎదురైంది. ఆవిడా తలకి కొంగు కప్పుకునే ఉంది. ఇద్దరూ ఒక్క క్షణం చూసుకున్నారు. "బాగున్నారా అండి" అంది సంపూర్ణమ్మ. "ఆయ్, బాగున్నాను" అందావిడ. ఆ తర్వాత ఆ సంగతి ఇద్దరూ ఎక్కడా ఎత్తలేదు.

పోయిన వేసవిలో ఆశ మాత్రల గ్లాసు చేతిలో పట్టుకుని అడిగింది. "మామ్మా, నాకేం జబ్బు?"

సంపూర్ణమ్మ వంటింట్లోంచి వింది. పిల్లకి మెల్లిగా చెప్పాలని, ఎలా చెప్పాలో కూడా డాక్టరుగారు నేర్పారు. తను వెళ్ళి చెబుదామని చెయ్యి కడుక్కుంటుండగా పెద్దింట్లమ్మ గొంతు వినిపించింది.

"హెచ్ఐవీ అంటారమ్మా. నీ తప్పు లేదు. మీ నాన్నకి ఉండేది. మీ అమ్మకి ఉండేది. వాళ్ళ నుంచి నీకు వచ్చింది."

"నాన్న... ఈ మాత్రలు తాగాడా?"

నీళ్ళ చెంబు కింద పెట్టిన చప్పుడైంది.

"లేదమ్మా. తాగితే ఉండేవాడు. మీ నాన్నకి జబ్బు ఉందంటే నేను నమ్మలేదు. నువ్వు తాగు. అడుగున మిగిలింది, ఇంకో గుక్కెడు పోస్తాను, పట్టు."

సంపూర్ణమ్మ తడిచేతులతో అక్కడే నిలబడిపోయింది. బయటికి రాలేదు.

మొన్న డిసెంబరులో సెంటరువాళ్ళు పిల్లల తల్లుల్ని, పెంచుకునేవాళ్ళని పిలిచి మీటింగు పెట్టారు. పాతికమంది దాకా వచ్చారు. డాక్టరు ఇంద్రజ కాకినాడ నుంచి వచ్చి, చివర్లో సంపూర్ణమ్మని రెండు మాటలు చెప్పమంది. ఆవిడకి ఎప్పుడూ పదిమంది ముందు మాట్లాడిన అలవాటు లేదు. లేచి, కొంగు సర్దుకుని, ఎదురుగా ఒళ్ళో చంటిపిల్లతో కూర్చున్న ఒక చిన్న వయసు తల్లిని చూస్తూ మాట్లాడింది.

"మందు ఎప్పుడైనా ఆగితే ఆగిందని చెప్పండమ్మా. తిడతారని భయపడకండి. తిట్టరు. నేను పదకొండు రోజులు చెప్పలేదు. ఆ పదకొండు రోజులూ పిల్ల మంచం మీదే ఉంది, నేను పక్కనే ఉన్నాను."

అంతే చెప్పి కూర్చుంది. ఆ చిన్నతల్లి మీటింగు అయ్యాక దగ్గరికొచ్చి, "మీ పాప ఇప్పుడు నడుస్తుందా అండి?" అనడిగింది. సంపూర్ణమ్మ తలుపు దగ్గరికి చూపించింది. అక్కడ ఆశ, ఒక చేత్తో గుమ్మం పట్టుకుని, బయల్దేరుదామని కాలు నేలకి కొడుతూ నిలబడి ఉంది. "పెదనాన్న... పంటు... నాలుగింటికి" అని అప్పటికి మూడోసారి చెప్పింది. పెదనాన్న డ్యూటీ దిగేలోపు పంటు మీద ఒక ట్రిప్పు వెళ్ళి రావాలని పొద్దుటినుంచీ పట్టుబట్టి ఉంది ఆ పిల్ల.

"వస్తున్నానే, చెప్పులు వేసుకోనీ" అంటూ సంపూర్ణమ్మ లేచింది.